రేపటి విండోస్, ఎదుట లినక్స్: మన ఊళ్ల కంప్యూటర్ల దారెటు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు పట్టణాల్లో ఏ బజారుకు వెళ్లినా కంప్యూటరు మీద బతికే దుకాణం ఒకటి తగులుతుంది. కులం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టే మీసేవ కేంద్రం, హాల్‌టికెట్లు తీసిచ్చే జిరాక్సు సెంటరు, పెళ్లిపత్రికలూ ఫ్లెక్సీలూ తయారుచేసే డీటీపీ సెంటరు, ట్యాలీలో బిల్లులు కొట్టే ఎరువుల దుకాణం. కొత్త యంత్రం కొనే స్తోమత లేనివాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ సీపీయూ చూసుకుంటారు. మూడో తరమో నాలుగో తరమో ఇంటెల్ ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, పైన విండోస్ 10. పని సాగిపోతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు, ఏ ప్రింటరూ మొరాయించలేదు. అందుకే ఈ మార్పు చాలామంది దృష్టికి రాలేదు. కానీ ఆ తేదీ దాటాక పాత యంత్రం ఉన్నవాళ్ల ముందు మూడు దారులు మిగిలాయి. డబ్బు పెట్టి కొత్తది కొనడం, రక్షణ తగ్గిపోయే పాత విండోస్‌తోనే నెట్టుకురావడం, లేదంటే లినక్స్‌కు మారడం. ఇంతలోనే రాబోయే విండోస్ ఎలా ఉంటుందన్న ఊహాగానాలు మొదలయ్యాయి. ఈ వ్యాసం రాసే నాటికి 'విండోస్ 12' అనే పేరుతో మైక్రోసాఫ్ట్ ఏదీ ప్రకటించలేదు. అయినా ఆ కంపెనీ ఇప్పటిదాకా వేసిన అడుగుల్ని చూస్తే రాబోయేది ఎటు పోతుందో చాలావరకు పసిగట్టవచ్చు. ఆ అంచనాను మన ఊళ్లలో నిలబడి వేద్దాం. మన పాత యంత్రాన్ని ఎవరు బతకనిస్తారు, మన భాషకు ఎవరు చోటిస్తారు అన్న రెండు ప్రశ్నలతో రెండు పక్షాలనూ తూచి చూద్దాం.

పంపకం చేసే కెర్నెల్

భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రం లాంటి కాకతీయుల నాటి చెరువుల కింద సేద్యం సాగిన ఊళ్లలో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో, ఎవరి తర్వాత ఎవరి వంతో చూసుకునేది అతనే. నీళ్లు అతనివి కావు, పొలాలూ అతనివి కావు. కానీ అతను లేకపోతే ఎగువ మడి మునుగుతుంది, దిగువ మడి ఎండుతుంది. కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్‌ది, ముఖ్యంగా దాని నడుమ ఉండే కెర్నెల్‌ది అదే పని. ప్రాసెసరు సమయాన్ని సెకనులో వెయ్యో వంతు లెక్కన ముక్కలు చేసి ఒక్కో ప్రోగ్రాముకు వంతు వేస్తుంది. ఒక ప్రోగ్రాముకు ఇచ్చిన మెమరీలోకి ఇంకొకటి చొరబడకుండా చూస్తుంది. ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రం లాంటి పరికరాలతో డ్రైవర్ల ద్వారా మాట్లాడుతుంది. ఏ ఫైలును ఎవరు తెరవవచ్చో, ఎవరు మార్చవచ్చో తేలుస్తుంది.

ఈ పని చేయడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్న కెర్నెళ్లు రెండు. ఒకటి మైక్రోసాఫ్ట్ 1993లో విండోస్ ఎన్‌టీతో తెచ్చినది. ఇవాళ్టి విండోస్ 11 దాని వారసురాలే. రెండోది 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్ను ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడై పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. విండోస్ సోర్సు కోడ్ మైక్రోసాఫ్ట్ సొంతం. లినక్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

బల్లమీది కంప్యూటర్లలో లినక్స్ వాటా ప్రపంచవ్యాప్తంగా నాలుగు శాతం చుట్టుపక్కలే. మిగతా చోట్ల కథ వేరు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే. అంటే మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతు ఫోన్లో ధర చూసుకుంటున్నాడంటే, అతను రోజూ లినక్స్ వాడుతున్నట్టే.

ప్యాచ్ ఆగితే ఏమవుతుంది

కోట్ల వాక్యాల కోడ్‌లో లోపాలు తప్పవు. వాటిని కనిపెట్టినప్పుడల్లా తయారీదారు సవరణ పంపుతాడు. దాన్నే ప్యాచ్ అంటారు. మద్దతు ముగియడమంటే ఆ ప్యాచ్‌లు రావడం ఆగిపోవడం. ఒక చిక్కు ఏమిటంటే, కొత్త విండోస్ కోసం విడుదలయ్యే ప్యాచ్‌ను పరిశీలించి, అదే లోపం పాత విండోస్‌లో ఎక్కడుందో దాడి చేసేవాళ్లు తెలుసుకోగలరు. కాలం గడిచేకొద్దీ పాత యంత్రాల మీద తెలిసిన లోపాల జాబితా పెరుగుతూ పోతుంది.

దీనికి తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 2017 మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు సంకేతాల తాళం వేసి, బిట్‌కాయిన్లు చెల్లిస్తేనే తెరుస్తానంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు చిక్కారు. అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి ఆ ప్యాచ్ రాలేదు. దాడి జరిగాకే, ప్రత్యేకంగా విడుదల చేశారు.

విండోస్ 10 వాడే ఇళ్లకు, చిన్న దుకాణాలకు ఒక వెసులుబాటు ఉంది. పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. యంత్రాలలో, పరిశ్రమలలో వాడకానికి అమ్మే విండోస్ 10 ఐఓటీ 2021 దీర్ఘకాల కూర్పుకు 2032 జనవరి దాకా ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది. విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములోనో, ఆస్పత్రి స్కానింగ్ యంత్రంలోనో సిస్టమ్ మార్చడం కష్టం కాబట్టి ఆ కూర్పు ఉంది. న్యాయమే. కానీ దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తోంది. విండోస్ 10ను మరో ఆరేళ్లు కాపాడటం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. చిన్న దుకాణానికి ఆ అవకాశం లేకపోవడం వ్యాపార నిర్ణయం.

విండోస్ 11 గుమ్మం ఎందుకంత ఎత్తు

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమాలు గట్టివి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా మిగిలిన రెండింటితో. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు కావాలి, మదర్‌బోర్డులో టీపీఎం 2.0 ఉండాలి. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే అంతకు ముందటి యంత్రాలు, ఎంత బాగా నడుస్తున్నా, బయటే.

టీపీఎం అంటే సంకేత రహస్యాలను దాచే చిన్న భద్రతా చిప్. కొన్ని ప్రాసెసర్లలో అది లోపలే ఇమిడి ఉంటుంది. మీట నొక్కగానే కంప్యూటర్లో మొదట ఫర్మ్‌వేర్, తర్వాత బూట్ లోడర్, ఆ తర్వాత కెర్నెల్ వరసగా లేస్తాయి. ఈ వరసలో ప్రతి మెట్టు మీదా తర్వాతి కోడ్‌ను కొలిచి, ఆ కొలతను టీపీఎంలో రాస్తారు. మధ్యలో ఎవరైనా కోడ్ మారిస్తే కొలత మారుతుంది, డిస్కును తెరిచే రహస్యం బయటికి రాదు. దొంగ హార్డ్‌డిస్కు ఊడబీకి పట్టుకెళ్లినా లోపలి సమాచారం చదవలేడు. ఇది నిజమైన రక్షణ. దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ ఆ రక్షణ లేని యంత్రానికి కొత్త ప్యాచ్‌లు కూడా అక్కర్లేదనుకోవడం న్యాయం కాదు. ఒక రక్షణ కొరవడితే మిగతావి మరింత అవసరమవుతాయి.

విండోస్ 10 మద్దతు ముగియడం వల్ల ప్రపంచంలో సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023 డిసెంబరులో అంచనా వేసింది. ఆ మాటే మన దగ్గర ఇంకోలా నిజమవుతుంది. ఇక్కడ పనిచేస్తున్న యంత్రాన్ని ఎవరూ పారేయరు. ప్యాచ్ లేని విండోస్‌తోనే ఇంటర్నెట్‌కు కలిపి, ఊరందరి ఆధార్ నకళ్లు, పాసుపుస్తకాల స్కానింగులు అందులోనే దాచుకుంటారు. ప్రమాదం అక్కడుంది.

రాబోయే విండోస్: ఊహలు, వాటి ఆధారాలు

2024 మే 20న మైక్రోసాఫ్ట్ 'కోపైలట్ ప్లస్ పీసీ' అనే కొత్త తరగతి కంప్యూటర్లను ప్రకటించింది. వాటికి 16 జీబీ ర్యామ్, 256 జీబీ నిల్వ, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఎన్‌పీయూ తప్పనిసరి. ఎన్‌పీయూ అంటే కృత్రిమ మేధ లెక్కల కోసమే మలిచిన భాగం. మామూలు ప్రాసెసరు ఏ పనైనా చేయగలదు. ఎన్‌పీయూ ఒక్క పనిలో ఆరితేరింది: చిన్న సంఖ్యల పెద్ద పట్టికలను ఒకేసారి హెచ్చించి కూడటం. బొమ్మను గుర్తించినా, మాటను అక్షరాలుగా మార్చినా లోపల జరిగే లెక్క ఇదే. దాన్ని తక్కువ కరెంటుతో చేయడం ఎన్‌పీయూ గొప్ప.

దీన్నిబట్టి నా మొదటి అంచనా: రాబోయే విండోస్‌లో ముఖ్యమైన కొత్త సౌకర్యాలన్నీ ఎన్‌పీయూ ఉన్న యంత్రాలకే పూర్తిగా అందుతాయి. విండోస్ 11కు టీపీఎం గుమ్మమైనట్టే, తర్వాతి దానికి ఎన్‌పీయూ గుమ్మం కావచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడం ఆ గుమ్మాన్ని ఇంకా ఎత్తు చేస్తోంది. కృత్రిమ మేధ సర్వర్లు మెమరీ చిప్‌లను పెద్దయెత్తున లాక్కుంటున్నాయి. 16 జీబీ అన్నది డీటీపీ సెంటరుకు చిన్న ఖర్చు కాదు.

రెండో అంచనా భద్రతకు సంబంధించింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలిరంగు తెర చూపించి ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు అది. ఆ భద్రతా ప్రోగ్రాం కెర్నెల్ లోపల కూర్చుని పనిచేస్తుంది. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. కెర్నెల్లో ఉన్నది తప్పు చేస్తే యంత్రమంతా కూలుతుంది. ఆ అనుభవం తర్వాత భద్రతా ప్రోగ్రాములను కెర్నెల్ బయటికి తేవడానికి మైక్రోసాఫ్ట్ పూనుకుంది. రాబోయే విండోస్‌లో ఇది గట్టిపడుతుందని నమ్మవచ్చు. అది అందరికీ మేలు చేసే మార్పు.

మూడోది మన గోప్యతకు సంబంధించింది. తెర మీద కనిపించేదాన్ని ఎప్పటికప్పుడు ఫొటో తీసి, తర్వాత వెతుక్కునేలా దాచే 'రీకాల్' సౌకర్యం మీద 2024లో పెద్ద వివాదం రేగింది. మైక్రోసాఫ్ట్ దాన్ని వాయిదా వేసి, సంకేతీకరణ చేర్చి, వాడేవాళ్లు కోరితేనే పనిచేసేలా మార్చి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. తెరను చదివి సాయపడే కృత్రిమ మేధ రాబోయే విండోస్‌కు కేంద్రం అవుతుందనడానికి ఇది ఆధారం. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌లో అది సౌకర్యం. రోజూ పదిమంది భూమి కాగితాలు తెర మీదికి వచ్చే మీసేవ లాంటి చోట అది ఆచితూచి తీసుకోవలసిన నిర్ణయం.

ప్రత్యర్థి ఎవరు

విండోస్‌కు ప్రత్యర్థి లినక్స్ అంటాం గానీ ఆ పేరు కింద చాలా ఉన్నాయి. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్, ఫెడోరా. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో మొదటి కూర్పు విడుదల చేసిన బాస్ లినక్స్. తెలుగు తెరతో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన 'స్వేచ్ఛ' బృందం గ్ను/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. మరో ప్రత్యర్థీ దారిలో ఉంది. ఆండ్రాయిడ్‌ను కంప్యూటర్లకు తెస్తున్నామని గూగుల్ 2025 సెప్టెంబరులో క్వాల్‌కామ్‌తో కలిసి ప్రకటించింది. దాని కిందా ఉన్నది లినక్స్ కెర్నెలే. ఫోనుతోనే డిజిటల్ లోకంలో అడుగుపెట్టిన మన పల్లెలకు అలవాటైన తెరే కంప్యూటరు మీదికి వస్తే విండోస్‌కు అసలు పోటీ అటునుంచే రావచ్చు.

పోటీ అంటే శత్రుత్వమేనా? 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆ కుర్చీలోకి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో తమ సంస్థకు లినక్స్ అంటే ప్రేమ అని వేదిక మీద ప్రకటించారు. 2016లో విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు వచ్చింది. 2019లో ప్రకటించిన దాని రెండో కూర్పులో అసలైన లినక్స్ కెర్నెల్‌నే విండోస్‌తో ఇచ్చారు. మెమరీ తప్పుల్ని తగ్గించే రస్ట్ భాషను రెండు పక్షాలూ వాడుతున్నాయి. లోపలి ఇంజనీరింగులో రెండూ దగ్గరవుతున్నాయి. తేడా మిగిలింది ఒక్క విషయంలో: ఏ యంత్రం ఎన్నాళ్లు బతకాలో ఎవరు నిర్ణయిస్తారన్నది.

లినక్స్‌లో ఆ నిర్ణయం ఒక్క కంపెనీ చేతిలో ఉండదు. ఉబుంటు రెండేళ్లకొకసారి దీర్ఘకాల కూర్పు ఇస్తుంది. 26.04 అనే సంఖ్య 2026 ఏప్రిల్‌ను సూచిస్తుంది. అలాంటి ప్రతి కూర్పుకు అయిదేళ్లు ఉచిత ప్యాచ్‌లు ఉంటాయి. నాలుగో తరం ఐ3కి 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం ఇంకా పెరుగుతుంది. టీపీఎం తప్పనిసరి కాదు. లినక్స్‌కూ హద్దులున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, పాత 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది. పెంటియం 4 నాటి యంత్రాలకు అక్కడా దారి మూసుకుపోతోంది.

డీటీపీ సెంటరు ఎందుకు మారదు

ఇన్ని మంచి గుణాలుండీ లినక్స్ మన బజార్లలోకి ఎందుకు రాలేదు? జవాబు డీటీపీ టేబుల్ దగ్గర దొరుకుతుంది. మన ఊళ్లలో తెలుగు అచ్చుపని ఏళ్ల తరబడి అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్ మీద నడిచింది. అడోబీ పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. ఆ తర్వాత కొత్త కూర్పు లేదు. అయినా ఆపరేటర్ల వేళ్లకు అదే అలవాటు, పాత ఫైళ్లన్నీ అందులోనే.

అను పద్ధతిలో ఒక సాంకేతిక చిక్కు ఉంది. అందులో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా నిల్వ కాదు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన 256 గడుల్లో తెలుగు తలకట్లు, కొమ్ములు, ఒత్తుల ముక్కలు పెట్టి, వాటిని పక్కపక్కన అతికించి అక్షరం కనిపించేలా చేస్తారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని రోమన్ గీతలు కనిపిస్తాయి. వెతకడం, వరస కట్టడం, కంప్యూటరుతో పైకి చదివించడం ఏదీ కుదరదు. పైగా ఆ ప్రోగ్రాం విండోస్‌కు కట్టుబడి ఉంటుంది. పదేళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఊరి సావనీర్లు ఒక ఫాంటుకీ, ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కీ తాకట్టు పడినట్టే.

ట్యాలీ కూడా విండోస్ కోసం తయారైందే. వేలిముద్ర యంత్రాల తయారీదారులు డ్రైవర్లను ముందు విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు రాస్తారు. కాబట్టి మీసేవ నడిపేవాళ్లను, ఎరువుల వ్యాపారిని రేపే లినక్స్‌కు మారమనడం బాధ్యత లేని సలహా అవుతుంది. కానీ అచ్చుపనికి దారి తెరుచుకుంది. ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.6 కూర్పు 2024 జనవరిలో వచ్చింది. అది తెలుగు ఒత్తులను సరిగ్గా కూరుస్తుంది. ఇంక్‌స్కేప్, లిబ్రెఆఫీస్ కూడా అంతే. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, సూరన్న, మల్లన్న, పెద్దన లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అడోబీ ఇన్‌డిజైన్ కూడా 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగు యూనికోడ్‌ను అర్థం చేసుకుంటోంది.

బమ్మెర నుంచి ఫెడోరా దాకా

యూనికోడ్ మొదటి కూర్పు 1991 అక్టోబరులో వచ్చింది. లినక్స్ పుట్టిన ఏడాదే. అందులో తెలుగుకు చోటు దొరికింది. ఒక్కో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ఒక శాశ్వత సంఖ్య కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' ఫాంటుతో తెలుగు యూనికోడ్‌ను సామాన్యుల యంత్రాల్లోకి తెచ్చింది. ఈ విషయంలో మైక్రోసాఫ్ట్‌కు తెలుగువాళ్లు రుణపడి ఉన్నారు. లినక్స్ పక్షాన ఆ పని సంస్థల కన్నా వ్యక్తుల అభిమానంతో ఎక్కువగా జరిగింది. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర, పోతన ఊరుగా మనకు తెలుసు. ఆ కవి పేరు మీద తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన 2000' ఫాంటు తయారుచేశారు, వేమన పేరు మీద ఇంకొకటి. ఆ రెండూ ఫెడోరా లినక్స్ పొట్లాల్లో చేరి ప్రపంచమంతా తిరుగుతున్నాయి. లినక్స్‌లో తెలుగు టైపు చేసే పద్ధతుల జాబితా తెరిస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు 'పోతన' కీబోర్డు, డీటీపీవాళ్లకు అలవాటైన 'యాపిల్' కీబోర్డు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన 'ఆర్‌టీఎస్' కూడా కనిపిస్తాయి. ఎవరికి కావలసింది వాళ్లు రాసి చేర్చగలిగారు. తెరిచి ఉన్న కోడ్ వల్ల కలిగిన మేలు అది.

యూనికోడ్‌తోనే పని అయిపోదు. 'జ్ఞా' అని తెర మీద కనిపించాలంటే జ, విరామం, ఞ, దీర్ఘం అనే నాలుగు సంఖ్యలను కలిపి ఒకే ఆకారంగా కూర్చాలి. విండోస్‌లో ఆ పనికి సొంత యంత్రాంగం ఉంది. లినక్స్, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి హార్ఫ్‌బజ్ అనే తెరిచిన కోడ్‌ను వాడతాయి. ఈ కూర్చే పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. సరిగ్గా ఈ 'జ్ఞా'లోనే కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. తెలుగును పరీక్షించే మనుషులు ఆ సిస్టమ్ తయారీలో తగినంతమంది లేకపోతే ఇలాంటివి చివరి నిమిషం దాకా బయటపడవు.

రాబోయే కృత్రిమ మేధ సిస్టమ్‌లలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు కావాలి. 'తెలంగాణ'లో ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. అదే పేరు ఇంగ్లిషులో 9 బైట్లే. భాషా నమూనాలు వాక్యాన్ని ముక్కలుగా విడగొట్టుకుని చదువుతాయి. శిక్షణలో తెలుగు పాఠం చాలనందువల్ల తెలుగు పదం ఎక్కువ ముక్కలవుతుంది. ల్యాప్‌టాప్ లోపలి చిన్న నమూనాకు అది అదనపు భారం. అదే ప్రశ్నకు తెలుగులో జవాబు నెమ్మదిగా, తక్కువ నాణ్యతతో వస్తుంది.

తెలుగు పరిస్థితే ఇలా ఉంటే మహబూబాబాద్ తండాల్లోని గోర్ బోలీ సంగతి, భూపాలపల్లి అడవి పల్లెల్లోని కోయ సంగతి ఏమిటి? ఏ కంపెనీకీ అవి లాభసాటి మార్కెట్లు కావు. అయినా దారి ఉందని ఆదిలాబాద్ జిల్లా గుంజాల చూపించింది. అక్కడ దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. దానికి ఉచిత నోటో ఫాంటు కూడా ఉంది. పండితులూ, ఆ భాష మాట్లాడే మనుషులూ పూనుకుంటే ప్రపంచ ప్రమాణంలో చోటు దొరుకుతుంది. ఆ చోటును తెర మీదికి తెచ్చుకోవడానికి తెరిచిన సిస్టమ్‌లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏం జరగవచ్చు, ఏం చేయాలి

నా అంచనా ఇది. రాబోయే విండోస్ ఏ పేరుతో వచ్చినా కొత్త యంత్రాల మీద దాని పట్టు అంత తొందరగా సడలదు. లెక్కల ప్రోగ్రాములు, డ్రైవర్లు, అలవాటు దాని వైపున్నాయి. లినక్స్ మన దగ్గర పెరిగితే కొత్త యంత్రాలతో పెరగదు, విండోస్ వదిలేసిన పాత యంత్రాలతో పెరుగుతుంది. ముందుగా బడులు, గ్రంథాలయాలు, ఇళ్లలో పిల్లల చదువు కంప్యూటర్లు, ఆ తర్వాత అచ్చుపని. ఇది కలగా మిగలాల్సిన పని లేదు. పక్కన కేరళలో ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్ ల్యాబ్‌లతోనే నడుస్తున్నాయి. అక్కడి కైట్ సంస్థ ఉబుంటును మలయాళం పిల్లలకు తగినట్టు మలిచి ఇస్తోంది. మూలనపడ్డ బడి కంప్యూటర్లకు ప్రాణం పోయడానికి మన ప్రభుత్వం కూడా అలాంటి తెలుగు కూర్పు ఒకటి పూనుకుని చేయించాలి. వరంగల్ నిట్ లాంటి సంస్థల విద్యార్థులకు అంతకన్నా ఉపయోగపడే ప్రాజెక్టు ఏముంటుంది?

దుకాణం నడిపేవాళ్లు చేయగలిగినవి ఇవీ. విండోస్ 10 ఉంటే పొడిగింపు పథకంలో చేరండి. వినియోగదారుల ఆధార్, భూమి కాగితాల స్కానింగులు పని అయిపోగానే యంత్రం నుంచి తీసేయండి. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి కంప్యూటరు తెరిచి మీ ప్రింటరు, స్కానరు, తెలుగు టైపింగు పనిచేస్తాయో లేదో చూడండి. డిస్కు మీద ఏదీ మారదు. అన్నింటికన్నా ముందు, ఈరోజు నుంచి రాసే ప్రతి తెలుగు పత్రాన్నీ యూనికోడ్‌లో రాయండి. పాత అను ఫైళ్లను మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. తీరిక దొరికినప్పుడల్లా కొన్నింటిని మార్చి పెట్టుకోండి. పాఠం యూనికోడ్‌లో ఉన్నవాళ్లు రేపు విండోస్‌నైనా, లినక్స్‌నైనా, ఆండ్రాయిడ్ పీసీనైనా తమ అవసరం చూసి ఎంచుకుంటారు. పాఠం ఒక ఫాంటులో చిక్కుకున్నవాళ్లకు ఎంచుకునే వీలే ఉండదు. రెండు పెద్ద పక్షాల పోటీలో మనకు నిజంగా లాభించేది ఆ ఎంచుకునే స్వేచ్ఛే. దాన్ని సంపాదించుకోవడానికి కొత్త విండోస్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.